అధ్యక్షుడి ముందు పెట్టిన కాఫీ

రాస్ అల్-లౌజ్ ప్రభుత్వాసుపత్రి నర్సుల్లో ఒక నమ్మకం ఉండేది. నర్సు మీద ఎవరైనా చెయ్యి చేసుకుంటే నర్సుల సంఘం ఊరుకోదన్నదే ఆ నమ్మకం. అది ఎవరి అనుభవంలోంచి పుట్టిందో చెప్పగలిగినవారు లేరు. ఎక్కడో ఉత్తరాన ఒకామెను రోగి బంధువు కొట్టాడట, సంఘం వకీలు కోర్టులో దిగి వాణ్ణి జైలుకు పంపేదాకా నిద్రపోలేదట. ఆమె పేరేమిటని అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్క పేరు చెప్పేవారు. ఒకరు ఆమె మంత్రసాని అనేవారు. ఇంకొకరు ఆమె కాదు, ఆయన అనేవారు. సాక్ష్యం ఇంత పలచగా ఉన్నా నమ్మకం మాత్రం దిట్టంగానే ఉండేది. దాన్ని పరీక్షించి చూసే అవసరం అంతవరకూ ఎవరికీ రాలేదు.

ఆ అవసరం రుదైనాకు వచ్చింది.

రుదైనా అత్యవసర విభాగంలో సీనియర్ నర్సు. పెళ్ళి చేసుకోలేదు. పాత బజారు వెనక తల్లిదండ్రులతో, అన్న ఆయిద్ కుటుంబంతో కలిసి ఉంటుంది. అదే వాకిలికి అటువైపు పెద్దనాన్న హాజ్ నాయిల్ ఇల్లు. పసిపిల్లల చేతిలో నరం దొరకబుచ్చుకోవడంలో ఆమెకు పేరుంది. చలికాలం చివర ఒక మధ్యాహ్నం ఫిట్స్‌తో కొట్టుకుంటున్న ఒక పాపను బల్ల మీద పడుకోబెట్టి ఆమె ఆ పనిలోనే ఉంది. పక్క మంచం మీద ఛాతీ నొప్పితో వచ్చిన ఒక ముసలాయన ఉన్నాడు. డాక్టరు ఆయన్ని చూశాడు, గుండె పరీక్ష చేయించాడు, ప్రమాదం లేదని తేల్చాడు. ఆ తేల్చడం ఆయన కొడుకు ఫవ్వాజ్‌కు నచ్చలేదు.

"మా నాన్నకి సెలైన్ పెట్టు," అన్నాడు.

"ఈ పాప పని అవగానే వస్తాను తమ్ముడూ," అంది రుదైనా తలెత్తకుండా.

ఆమె తలెత్తకపోవడమే తనను రెచ్చగొట్టిందని తర్వాత పోలీసులకు చెప్పాడు ఫవ్వాజ్. ఆమె కుడి మణికట్టు పట్టి లాగి, మందుల బీరువా ఇనప తలుపు సందులో పెట్టి, ఆ తలుపును కాలితో తన్నాడు.

విరిగింది బొటనవేలి మొదట్లో ఉండే చిన్న ఎముక. రక్తం సరిగా అందని చోటు కనుక అది అతుక్కోవడానికి మొరాయిస్తుందని ఎముకల డాక్టరు ముందే చెప్పాడు. మొరాయించింది. కట్టు విప్పేనాటికి బొటనవేలికి పట్టు లేదు. రుదైనా సూది పట్టుకుంటే అది వేళ్ళ మధ్య నిలిచేది కాదు.

ఆ ఊళ్ళో ఒకరి చెయ్యి విరిగితే తర్వాత ఏం జరగాలో అందరికీ తెలుసు. కొట్టినవాడి వంశం పెద్దల్ని పంపిస్తుంది, దెబ్బతిన్న ఇంటివారు తలుపు తీస్తారు, గడువు ఇస్తారు, గడువులోపల రాజీ కుదురుతుంది. అదే సాయంత్రం ఫవ్వాజ్ వంశంవారు వచ్చారు కూడా. కానీ అప్పటికే రుదైనా ఆసుపత్రి మంచం మీంచి తండ్రికీ పెద్దనాన్నకీ గట్టిగా చెప్పింది. "తలుపు తియ్యకండి. వాడు కొట్టింది మీ అమ్మాయిని కాదు, పనిలో ఉన్న ప్రభుత్వ నర్సుని. ఇది రెండు వంశాల గొడవ కాదు." హాజ్ నాయిల్‌కు ఆ వాదం పూర్తిగా మింగుడుపడలేదు. అయినా మాట నిలబెట్టాడు. వచ్చినవాళ్ళు వీధిలోంచే వెనక్కి వెళ్ళారు. ఇంకోసారి వచ్చారు, ఇంకోసారి వెళ్ళారు. రాజీ లేదు కనుక ఫవ్వాజ్ నిర్బంధంలోనే ఉన్నాడు.

ఇంటివాళ్ళు ఎంతకాలం ఇలా నిలబడతారన్నదే రుదైనా భయం. కోర్టులో ఆమెకు ఒక సంగతి తెలిసింది. ఫిర్యాదీ ఆమె ఒక్కతే అయితే, ఆమె హక్కు వదులుకున్న మర్నాడే కేసులో పస ఉండదు. సంఘం కూడా తన పేరు మీద కేసులో చేరితే, రాజీకి గుర్తుగా ఇంట్లో ఎవరు ఎవరి తల ముద్దుపెట్టుకున్నా కేసు నడుస్తుంది. దానికి కావలసింది సంఘం అధ్యక్షుడి సంతకం. ఆమె మూడు అర్జీలు పంపింది. ఒకదానికీ జవాబు రాలేదు.

"జవాబా?" అంది ఉమ్మ్ లైస్, పచ్చి బాదంకాయను ఉప్పులో అద్దుకుంటూ. ఉమ్మ్ లైస్ పిల్లల వార్డు నర్సు. రుదైనాతో కలిసి చదువుకుంది, ఆసుపత్రిలో ఆమె నోటికి జడవని డాక్టరు లేడు. మధ్యాహ్నం డ్యూటీ మారే వేళ నర్సుల గదిలో మరో ముగ్గురు నలుగురు కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. "సంఘం ఏ ఉత్తరానికి జవాబిస్తుందో నాకు తెలుసు. సోఫా సెట్టు మీద తగ్గింపు కావాలని రాయి. సాయంత్రానికల్లా ఫోనొస్తుంది."

"నాకు పోయినేడు గాజు ఫలకం ఇచ్చారు, నర్సుల దినోత్సవానికి," అంది మూలన కూర్చున్న ఒకామె. "ఇంట్లో మా ఆయన దాని మీద ఉల్లిపాయలు తరుగుతున్నాడు."

"నీకు ఉపయోగపడిందే! నా దాంట్లో పేరు తప్పు. నన్ను మగాణ్ణి చేసేశారు," అంది ఇంకొకామె.

అందరూ నవ్వారు. రుదైనా కూడా నవ్వింది. తర్వాత అంది, "అలాంటప్పుడు మానేద్దామా సంఘం?"

"మానెయ్యి. లైసెన్సు వాళ్ళ దగ్గరే ఉంది. మానేసిన మర్నాడు నువ్వూ నేనూ బజార్లో బాదంకాయలు అమ్ముకోవాలి."

"అందుకే అంటున్నాను. మానలేం కదా. మానలేనప్పుడు వాళ్ళ చేత పని చేయించుకోవాలి. ఉత్తరాలు కాదు, ఎదురుగా వెళ్ళి కూర్చుంటాను."

ఉమ్మ్ లైస్ ఆమె చేతివైపు చూసింది. రుదైనా బాదంకాయను చూపుడువేలికీ మధ్యవేలికీ మధ్య ఇరికించి పట్టుకుని ఉంది.

"ఒక్కదానివే వెళ్ళకు," అంది. "నిన్ను పొగిడి పంపించేస్తారు. నేనూ వస్తాను. నన్ను పొగడ్డం కష్టం."

సంఘం శాఖ కార్యాలయం జిల్లా కేంద్రంలో ఒక బ్యాంకు పై అంతస్తులో ఉంది. అధ్యక్షుడు అబూ ముతసిమ్ ఒకప్పుడు ఆపరేషన్ థియేటరులో నర్సు. ఆ సంగతి ఆయన ఎవరినీ మరిచిపోనివ్వడు. ఇద్దరినీ చూడగానే కుర్చీలోంచి లేచి, టీ తెప్పించి, రుదైనా చేతి సంగతి ఓపిగ్గా, వివరంగా అడిగాడు. ఏ ఎముక, ఎన్నాళ్ళు కట్టు, ఆపరేషన్ మాట డాక్టరు ఎత్తాడా అని. ఆయన బాధలో నటన ఉన్నట్టు రుదైనాకు తోచలేదు.

"మేము ఖండన ప్రకటన ఇచ్చాం. చూశావు కదా తల్లీ?"

"చూశాం," అంది ఉమ్మ్ లైస్. "ఆసుపత్రి పేరు లేదు. కొట్టినవాడి పేరు లేదు. దెబ్బతిన్నదాని పేరు లేదు. మీరు ఎవర్ని ఖండించారో చెప్తే మేమూ ఖండిద్దామని వచ్చాం."

అబూ ముతసిమ్ మనసారా నవ్వాడు. "ఉమ్మ్ లైస్, నువ్వు ఎన్నికల్లో నిలబడితే నాకు పదవి ఉండదు."

"నిలబడ్డాను. మీరే గెలిచారు."

రుదైనా మధ్యలో అందుకుంది. తాను అడగదలచుకున్నది ఒక్కటే అంది. సంఘం కేసులో చేరాలి. అది జరిగితే తమ ఇంటివాళ్ళ మీద ఒత్తిడి తెచ్చి ప్రయోజనం లేదని అవతలివాళ్ళకు అర్థమవుతుంది. ఈ ఒక్కసారి జరిగితే ఈ జిల్లాలో ఇంకెవడైనా నర్సు మీద చెయ్యెత్తే ముందు ఆగుతాడు.

"కార్యవర్గంలో పెట్టాలి," అన్నాడు అబూ ముతసిమ్. "వకీలు అభిప్రాయం తీసుకోవాలి. కార్యవర్గంలో అన్ని వంశాలవాళ్ళూ ఉన్నారు, నీకు తెలియనిది కాదు. తొందరపడకూడదు." టీ గ్లాసు పక్కన పెట్టాడు. "మీ ఇంటివాళ్ళు ఏమంటున్నారు?"

"ఇంతవరకూ గట్టిగానే ఉన్నారు. కానీ మసీదులో ఒకరు, బజార్లో ఒకరు, మా పెద్దనాన్నని నిలబడనివ్వడంలేదు. ఆడపిల్ల మాట పట్టుకుని ఊరితో వైరం తెచ్చుకుంటావా అంటున్నారు. ఆయనకి నా వెనక ఎవరూ ఉన్నట్టు కనిపించడంలేదు. అదే ఇబ్బంది. మీరు ఒక్కసారి మా ఇంటికి వచ్చి, ఈ అమ్మాయి వెనక మేమున్నామని ఆయనకి ఎదురుగా చెప్తే చాలు."

అబూ ముతసిమ్ ముందుకు వంగాడు. "మీ పెద్దనాన్న అంటే హాజ్ నాయిల్ కదూ? ఆయన నాకు తలుపు తీస్తారా?"

"మీకు తియ్యకపోతే ఇంకెవరికి తీస్తారు?"

"అయితే వస్తాను. గురువారం సాయంత్రం, అసర్ నమాజు తర్వాత. ఒక్కణ్ణే రాను, నలుగురు పెద్దమనుషుల్ని తీసుకొస్తాను. నీకు గౌరవంగా ఉంటుంది."

మెట్లు దిగుతుంటే ఉమ్మ్ లైస్ అంది, "కేసు మాటెత్తితే కార్యవర్గం చూడాలన్నాడు. ఇంటికి రమ్మంటే క్షణంలో ఒప్పుకున్నాడు. మీ అమ్మ వంట సంగతి ఎవరో చెప్పుంటారు."

రుదైనాకు ఆ రోజు ఉమ్మ్ లైస్ వెటకారం మీద చిరాకు కలిగింది. వచ్చే మనిషిని కూడా రానివ్వవా అంది.

హాజ్ నాయిల్‌ను ఒప్పించడానికి ఆమెకు ఒక సాయంత్రం పట్టింది. ఆయన ఆలివ్ చెట్ల కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆ ఊళ్ళో పెద్దలు పిల్లల్ని తమ వరసతోనే పిలుస్తారు. కనుక ఆయనా ఆమెను పెద్దనాన్నా అనే పిలుస్తాడు.

"ఈ సంఘం అంటే ఏంటి పెద్దనాన్నా? ప్రభుత్వం కాదంటావు. వంశం కాదు. మరేంటి?"

"నర్సుల వంశం అనుకోండి."

"వాళ్ళకి పెద్ద ఈ అబూ ముతసిమ్."

"అవును."

"ఆయన నలుగురితో వస్తుంటే నేనూ మీ నాన్నా ఇద్దరమే కూర్చోవడం బాగోదు. మనకి మనుషులు లేరనుకుంటారు. మన పెద్దల్నందర్నీ పిలుస్తాను."

రుదైనా సంతోషంగా ఒప్పుకుంది. ఆమె లెక్క స్పష్టమైనదే. ఆఫీసులో అన్న మాటను ఆఫీసులోనే మరిచిపోవచ్చు. వంశం పెద్దలందరి ఎదుట, ఒక ఇంటి పెద్ద గదిలో కూర్చుని, కాఫీ తాగి అన్న మాటను ఆ ప్రాంతంలో ఎవడూ వెనక్కి తీసుకోలేడు. సంఘం మాటకు ఆ బరువు రావాలనే ఆమె కోరుకుంది. అందుకు ఎంతమంది పెద్దలు కూర్చుంటే అంత మంచిది. హాజ్ నాయిల్ ఇంటి పెద్ద గదిలోకి తివాచీలు తెప్పించింది తనే. ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పింది తనే. అధ్యక్షుడి కోసం నట్టనడిమి చోటు ఉంచమని ఆయిద్‌కు చెప్పింది కూడా తనే.

గురువారం ఉమ్మ్ లైస్ డ్యూటీ ముగించుకుని మరో ముగ్గురు నర్సులతో వచ్చింది. ఒక పెద్ద పళ్ళెం నిండా కునాఫా మిఠాయి తెచ్చారు. సంఘం కేసులో చేరుతున్నామని చెప్పగానే ఆడవాళ్ళందరికీ పంచాలని వాళ్ళ ఉద్దేశం. తల్లి కాఫీ గింజలు వేయించి ఏలకులతో దంచింది. రుదైనా ఉతికిన తెల్లకోటు వేసుకుంది. అవసరమైతే లోపలికి పిలుస్తారు, నర్సుగానే వెళ్ళి నిలబడతాననుకుంది.

అసర్ తర్వాత వీధిలో కార్లు ఒకదాని వెనక ఒకటి ఆగాయి. నలుగురు కాదు, ఇరవైమందికి పైగా దిగారు. సైన్యంలో పెద్ద పదవి చేసి దిగిన ఒక పాషా ఉన్నాడు, ఇద్దరు మాజీ మేయర్లు ఉన్నారు, చుట్టుపక్కల ఊళ్ళ పెద్దలు ఉన్నారు.

"చూశావా?" అంది రుదైనా తలుపు సందులోంచి చూస్తూ. "నువ్వేమో వంట కోసం అన్నావు."

"పాషా ఎందుకొచ్చాడే?" అంది ఉమ్మ్ లైస్. "ఆయనేం నర్సింగు చేశాడు?"

పెద్ద గదిలో హాజ్ నాయిల్ వాళ్ళు లేచి నిలబడ్డారు. చేతులు కలపడం, క్షేమాలు అడగడం చాలాసేపు సాగింది. అబూ ముతసిమ్‌ను నట్టనడుమ కూర్చోబెట్టారు. ఆయిద్ ఇత్తడి కూజాలోంచి పిడి లేని చిన్న కప్పులోకి కాఫీ వంచి ముందుగా ఆయనకే ఇచ్చాడు. ఆయన కుడిచేత్తో అందుకున్నాడు. అందుకుని, తాగకుండా, ఎదురుగా ఉన్న బల్ల మీద పెట్టాడు. చేతులు మోకాళ్ళ మీద ఉంచుకున్నాడు. ఆయన వెంట వచ్చినవాళ్ళెవరూ కాఫీ తీసుకోలేదు.

"వేడిగా ఉందేమో," అంది లోపల ఒక చిన్న నర్సు.

తల్లి వచ్చి రుదైనా భుజం మీంచి చూసింది. బల్ల మీది కప్పును చూసి రోకలి పక్కన పెట్టేసింది.

"వేడికి కాదు," అంది. "అది అడగడానికి పెట్టిన కాఫీ."

రుదైనాకు అప్పటికి అర్థమయింది. ఇంటికి వచ్చిన పెద్ద కాఫీ ముట్టకుండా కింద పెడితే, అడిగింది ఇస్తామని ఇంటివాడు చెప్పేదాకా దాన్ని తాగడు. తాగకుండా లేచి వెళ్ళిపోతే ఆ ఇంటికి తరతరాలు చెప్పుకునే అప్రతిష్ఠ. ఇది పరామర్శ కాదు, జాహా, రాజీ అడగడానికి పెద్దలు కట్టకట్టుకుని రావడం. ఫవ్వాజ్ వంశం రెండుసార్లు వచ్చి మూసి ఉన్న తలుపు చూసి వెళ్ళింది. ఇప్పుడు తలుపు తీసి ఉంది. వంశం పెద్దలంతా కూర్చుని ఉన్నారు. తివాచీలు పరిచి ఉన్నాయి.

అబూ ముతసిమ్ గొంతు సవరించుకున్నాడు. దేవుణ్ణి తలచుకుని, ఇంటివారి పూర్వీకుల్ని పొగిడి, విషయానికి వచ్చాడు. "హాజ్ నాయిల్, రుదైనా మీకే కాదు, నాకూ కూతురే. సంఘానికి కూతురు. ఆ హక్కుతోనే మీ ముందు కూర్చున్నాను. ఫవ్వాజ్ వంశం పెద్దలు వీధి చివర కార్లలో ఉన్నారు. తప్పు మాదే, మీరేమంటే అదే అంటున్నారు. ఆ కుర్రాడి నాన్న గుండెజబ్బు మనిషి. ఈ పెద్దలందరి ముఖం చూసి, అమ్మాయి హక్కు వదిలెయ్యాలని అడుగుతున్నాం."

హాజ్ నాయిల్ బల్ల మీది కప్పువైపు చూశాడు. తర్వాత అన్నాడు, "మీరు నర్సుల తరఫున వస్తున్నారని మా అమ్మాయి నాతో చెప్పింది."

"నర్సుల తరఫునే వచ్చాను హాజ్. ఇది కోర్టులో నలిగిందనుకోండి, రేపు ఆ వంశంవాళ్ళు ఆసుపత్రి మీదికి వస్తారు. అప్పుడు దెబ్బలు తినేది ఎవరు? నర్సులే. నర్సుల్ని కాపాడటమంటే ఇదే. ఇలాంటివి ఎన్ని సర్దుబాటు చేశామో మా వార్షిక నివేదికలో చూడండి."

ఆ నివేదిక యేటా వార్డు గోడకు అంటిస్తారు. పరిష్కరించిన దాడి కేసులు అన్న శీర్షిక దాంట్లో ఉంటుంది. దాన్ని చూసే అందరూ ధైర్యం తెచ్చుకునేవారు.

రుదైనా తలుపు తోసుకుని గదిలోకి వెళ్ళింది. ఉమ్మ్ లైస్ పట్టుకున్న కోటు అంచు ఆమె చేతిలోంచి జారింది. మగవాళ్ళలో కొందరు నేలవైపు చూశారు.

"పెద్దనాన్నా, లోపలికి వెళ్ళు," అన్నాడు హాజ్ నాయిల్ మెల్లగా.

"ఆయన్ని ఒక్క మాట అడిగి వెళ్తాను." ఆమె అబూ ముతసిమ్ ముందు నిలబడింది. "సంఘం కేసులో చేరుతుందా?"

"కూర్చో తల్లీ. ఈ గదిని చూడు. ఒక నర్సు ఇంటికి ఇంతమంది పెద్దలు ఎప్పుడైనా వచ్చారా? నేను నలభై ఇళ్ళు తిరిగి వీళ్ళని కూడగట్టాను. నీ గౌరవం కోసం."

"చేరుతుందా?"

"కార్యవర్గం ముందు పెట్టాను. మీ ఇంటి తలుపు తెరుచుకుంది కాబట్టి ఇంక అవసరం లేదన్నారు."

"తలుపు తీయించింది నేను. మీరు నా వెనక నిలబడతారని తీయించాను."

"నిలబడ్డానుగా. వీళ్ళందరినీ వెంటబెట్టుకుని మరీ వచ్చాను."

ఆయన ముఖంలో ఆమె వెతికిన సిగ్గు లేదు. తాను మంచి పనే చేస్తున్నానని ఆయన నిజంగానే నమ్ముతున్నాడు.

ఇంటివారు తమ చేత్తో కాఫీ వెనక్కి తీసుకుంటే అడిగినది కాదన్నట్టే. రుదైనా కప్పు కోసం వంగింది. కాఫీని ఎడమచేత్తో ముట్టుకోవడం ఆ ఇంట్లో ఎవరూ చెయ్యరు. ఆలోచించకుండానే కుడిచేయి చాచింది. కప్పు లేచింది. బొటనవేలు దాన్ని ఆపలేకపోయింది. కప్పు బల్ల అంచుకు తగిలి దొర్లింది, కాఫీ తివాచీ మీద ఒలికిపోయింది.

"మంచిదే, మంచిదే," అన్నారు వచ్చినవాళ్ళు. కాఫీ ఒలికితే శుభమని ఆ ప్రాంతంలో అందరూ నమ్ముతారు. పాషా కూడా తల ఊపాడు.

ఆయిద్ కప్పు ఎత్తాడు. ఏం చెయ్యాలో తెలియక తండ్రివైపు చూశాడు, తండ్రి తన అన్నవైపు చూశాడు. హాజ్ నాయిల్ కూజా వైపు కళ్ళతో సైగ చేశాడు. ఆయిద్ ఇంకో కప్పులో కాఫీ పోసి అబూ ముతసిమ్ ముందు పెట్టాడు. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"పెద్దనాన్నా, తాగమని అనకండి," అంది రుదైనా.

"నా ఇల్లు," అన్నాడు హాజ్ నాయిల్. "నేనే పిలిచాను. నేనే నా మనుషుల్ని కూర్చోబెట్టాను. వాళ్ళు వీధిలో ఉంటే కాదనగలిగాను. నా కాఫీ ముందు పెట్టుకుని కూర్చున్నవాళ్ళని ఎలా కాదంటాను?"

"నేను పిలవమన్నాను."

"అవును. నువ్వే పిలవమన్నావు."

ఆయన ఆమె చేతివైపు చూశాడు. చూపు అక్కడ ఉంచలేక కప్పువైపు తిప్పుకున్నాడు. "నీ కాఫీ తాగు అబూ ముతసిమ్," అన్నాడు. "నువ్వు వచ్చిన పని అయింది."

అబూ ముతసిమ్ కప్పు తీసుకుని తాగాడు. గదిలో అందరూ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. వీధి చివర కార్లలో ఉన్నవాళ్ళకు కబురు వెళ్ళింది. ఫవ్వాజ్ బాబాయిలు వరసగా లోపలికి వచ్చి హాజ్ నాయిల్ తల ముద్దుపెట్టుకున్నారు, రుదైనా తండ్రి తల ముద్దుపెట్టుకున్నారు, ఆయిద్‌ను కౌగలించుకున్నారు. రుదైనా అప్పటికి లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. ఆమె దగ్గరికి ఎవరూ రాలేదు. అంతమందికి సరిపడా మిఠాయి ఇంట్లో లేకపోతే ఎవరో వచ్చి నర్సులు తెచ్చిన కునాఫా పళ్ళెం ఎత్తుకుపోయారు.

వెళ్ళేటప్పుడు అబూ ముతసిమ్ లోపలి గది గుమ్మం దగ్గర ఆగి, నర్సులందరూ ఒక్క ఫోటోకు రావాలని అడిగాడు. ఎవరూ లేవలేదు.

"కార్యవర్గం తీర్మానం ఒకటి మాకూ పంపండి," అంది ఉమ్మ్ లైస్. "ఏ వార్డులో ఎవరు ఎవర్ని కొడితే ఏ ఇంటికి వెళ్ళి కాఫీ తాగాలో ముందే తెలిస్తే మేము ఆసుపత్రి దాకా రావడం మానేస్తాం."

"నువ్వెప్పుడూ ఇంతే ఉమ్మ్ లైస్," అన్నాడాయన నవ్వుతూ. నర్సులు లేకుండానే ఫోటో తీశారు. మర్నాటికల్లా అది సంఘం పేజీలో వచ్చింది. పాషా నడుమ ఉన్నాడు, ఒకపక్క హాజ్ నాయిల్, ఇంకోపక్క అబూ ముతసిమ్. దాడి కేసు సంఘం చొరవతో సామరస్యంగా ముగిసిందని కింద రాశారు.

ఉమ్మ్ లైస్ ఆ రాత చదివి, ఫోను రుదైనాకు ఇచ్చింది. రుదైనా చదివి తిరిగి ఇచ్చేసింది.

"ఈసారీ నా పేరు లేదు," అంది.

"ఈసారి లేకపోవడమే మంచిది," అంది ఉమ్మ్ లైస్.

శుక్ర, శనివారాల సెలవులు అయ్యాక ఆదివారం ఉదయం తండ్రీ పెద్దనాన్నా వెంట రాగా రుదైనా కోర్టుకు వెళ్ళి, తన హక్కు వదులుకుంటున్నట్టు సంతకం చేసింది. సంఘం కేసులో చేరలేదు. ఫవ్వాజ్‌ను ఆ మధ్యాహ్నం విడుదల చేశారు. ప్రభుత్వం తరఫున మిగిలిన కేసులో తర్వాత అతనికి కొద్దిపాటి జరిమానా పడింది. రుదైనా ఎముకకు రెండుసార్లు ఆపరేషన్ జరిగింది. అది అతకలేదు. ఆ ఏడాది చివర్లో రుదైనాను అత్యవసర విభాగంనుంచి తప్పించి, బయటి రోగుల పేర్లు పిలిచే కిటికీ దగ్గర కూర్చోబెట్టారు.